ఇరవై నాలుగు గంటల సాక్షి

నేను వెళ్ళేసరికే సంచిని కోసేశారు.

పదకొండూ పది. ప్రదర్శనశాల ఆఫీసు గది. బల్ల మీద పాత గోనె రంగు సంచి ఒకటి, లోపలి గుడ్డంతా బ్లేడుతో చీల్చి పడేసి ఉంది. పక్కన ఎక్స్‌రే కవరు, మూడు మందు సీసాలు, దూది కుక్కిన ఇన్సులిన్ డబ్బా, ఫ్లాస్కు, నీలం మఫ్లరు. సంచి సొంతదారు గోడవారగా బెంచీ మీద నిటారుగా కూర్చున్నాడు. డెబ్భైకి దగ్గర పడ్డ మనిషి. చేతులు మోకాళ్ళ మీద ఉన్నాయి. వేళ్ళు వణకడం లేదు. అది నాకు నచ్చింది.

ఆయన్ని అందరూ తాబేలు అంటారు. అరుదైన వస్తువులు సేకరించేవాళ్ళ తరఫున వాటిని ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి చేరవెయ్యడం ఆయన పని. తపాలా బిళ్ళలు, పాత పటాలు, గడియారాలు. ముప్ఫై నాలుగేళ్ళుగా అదే పని. ఒక్క వస్తువు పోలేదు. నిన్నటి దాకా.

నిన్న ఇక్కడి పాత గడియారాల ప్రదర్శనకి ఆయన తెచ్చిన జేబు గడియారాన్ని సొంతదారు చేతికిస్తే, ఆవిడ చూసి ఇది నాది కాదంది.

నన్ను పిలిపించింది ఆవిడే. రిటైరైన పళ్ళ డాక్టరు. డాక్టరమ్మ అంటారు. పొద్దున తొమ్మిదింటికి ఫోను చేసింది. "గడియారం పోతే పోయింది. ఆ పెద్దమనిషి పేరు పోకూడదు. వస్తారా?" అంది. బతిమాలలేదు. బతిమాలి ఉంటే వెళ్ళేవాణ్ణి కాదు.

"రండి గురువుగారూ!" అన్నాడు కుర్చీలోంచి లేవకుండా ఇన్సూరెన్స్ పరిశోధకుడు. ఒకప్పుడు నా దగ్గర రెండేళ్ళు పని నేర్చుకున్నాడు. నేర్చుకున్నదాని కన్నా వదిలేసింది ఎక్కువ. "కాస్త ఆలస్యం చేశారు. కేసు అయిపోయింది. రెండింటికి పోలీసులు వస్తారు. మా మేనేజరు కూడా వస్తున్నారు. కాగితాల మీద సంతకాలు, పెద్దాయన జీపెక్కడం, అంతే మిగిలింది."

"సంచి ఎవరు కోశారు?"

"నేనే. రహస్య అర ఏదైనా ఉందేమోనని."

"ఉందా?"

"లేదు."

"మరి కుట్టలేదేం?"

నవ్వాడు. నేను నవ్వలేదు. వాడి తొందర నాకు తెలుసు. దారిలో బయటి దొంగ కొట్టేస్తే కంపెనీ పరిహారం ఇవ్వాలి. మోసుకొచ్చిన మనిషే కొట్టేస్తే ఇవ్వక్కర్లేదు. ఆ షరతు చదివి, దానికి సరిపోయే దొంగను వెతుక్కున్నాడు.

నకిలీ గడియారం బల్ల మధ్యలో పలచని ప్లాస్టిక్ కవరులో ఉంది. కవరు మూతికి లక్క. లక్క మీద వాడి ముద్ర, కింద సంతకం, సమయం: నాలుగూ అయిదు.

"నిన్న సాయంత్రం నుంచి దీన్ని ఎవరూ ముట్టుకోలేదా?"

"ముట్టుకోవడమా? ఆ ముద్ర నాది గురువుగారూ. రాత్రి ఈ గదిలోనే పడుకున్నాను, దీన్ని తలగడ కింద పెట్టుకుని. దేవుడు దిగొచ్చినా దీని కీ బుడిపె తిప్పలేడు."

"ఇంకోసారి చెప్పు."

"దేవుడు దిగొచ్చినా తిప్పలేడన్నాను."

"మంచిది. మాట మీద ఉండు."

వంగి కవరు దగ్గర చెవి పెట్టాను. టిక్కు టిక్కు. నడుస్తోంది.

తాబేలు పక్కన బెంచీ మీద కూర్చున్నాను. ఎదురుగా కూర్చుని అడిగితే మనిషి కాచుకుంటాడు. పక్కన కూర్చుంటే చెబుతాడు.

"పెద్దాయనా, మొన్న పొద్దుటి నుంచి చెప్పండి."

"ఎనిమిదింటికి అమ్మగారు గడియారానికి కీ ఇచ్చి డబ్బాలో పెట్టి మూసి నా చేతికిచ్చారు బాబూ. తొమ్మిదింటి రైలు. నిన్న పదకొండూ ఇరవైకి దిగాను. పన్నెండూ అయిదుకి ఇక్కడ. పన్నెండూ పదికి సెక్రటరీగారికి అప్పజెప్పి రసీదు తీసుకున్నాను."

"దారిలో డబ్బా తెరిచారా?"

"నేను తెరవను. ముప్ఫై నాలుగేళ్ళలో ఏ డబ్బా తెరవలేదు. అందులో ఏముందో చూసినవాడి మొహం మారుతుంది. మొహం మారితే దొంగకి తెలుస్తుంది."

"సంచికి తాళమైనా లేదేం?" అన్నాడు ఇన్సూరెన్స్ వాడు అటు నుంచి.

తాబేలు వాడి వైపు చూడలేదు. నాకే చెప్పాడు. "తాళం వెయ్యడమంటే లోపల సొమ్ముందని దండోరా వెయ్యడం. జబ్బు మనిషి సంచి ఎవడూ కొట్టెయ్యడు బాబూ. ఎక్స్‌రే కవరు పైకి కనపడేలా పెడతాను. గంటకోసారి దగ్గుతాను."

"పక్కవాళ్ళు పలకరిస్తే?"

"అంటుకునే జబ్బంటాను. సీటంతా నాకే."

గుమ్మంలో నిలబడ్డ హాలు సెక్రటరీ నవ్వాపుకోలేక దగ్గాడు.

"నిద్ర?"

"కూర్చునే. సంచి పట్టీ మోకాలి కింద రెండు చుట్లు. డబ్బా మాత్రం చొక్కా లోపల, ఇక్కడ." గుండె మీద చెయ్యి పెట్టుకున్నాడు. "ఎవరేం పెట్టినా తినను. పథ్యమంటాను. సంచి వైపు చూడను. దొంగ సంచిని చూడడు బాబూ. మన కళ్ళు మాటిమాటికీ ఎటు పోతున్నాయో చూస్తాడు. ఏ రైలో, ఏ రోజో ఫోనులో మాట్లాడను. దిగాక మొదట కేకేసిన టాక్సీ ఎక్కను."

"బాత్‌రూముకి?"

"సంచీ వస్తుంది."

"అయితే గడియారం మీరు చూడనే లేదు."

"చూడలేదు. విన్నాను. ఇరవై ఎనిమిది గంటలు నా గుండె మీద నడిచింది. దానిది కుంటినడక బాబూ. ఒక అడుగు బరువు, ఒక అడుగు తేలిక. ట...క్ టిక్, ట...క్ టిక్. నిన్న సెక్రటరీగారి చేతిలో పెట్టేటప్పుడు కూడా కుంటుతోంది." బల్ల మీది కవరు వైపు గడ్డంతో చూపించాడు. "అది కుంటడం లేదు. ఈయనకి చెప్పాను. చెవిలో గుబిలి తీయించుకోమన్నాడు."

"అది సాక్ష్యమా గురువుగారూ?" అన్నాడు ఇన్సూరెన్స్ వాడు. "దొంగ తన చెవి సాక్ష్యం తానే చెప్పుకుంటాడా?"

"పన్నెండూ పది తర్వాత ఎక్కడున్నారు?" అని అడిగాను తాబేలుని.

"ఈ బెంచీ మీదే. సొంతదారు చేతికి వస్తువు అందేదాకా నేను కదలను. నాలుగింటికి అమ్మగారు వచ్చేదాకా ఇక్కడే ఉన్నాను."

గేటు కాపలాదారు అవునన్నాడు. మంచినీళ్ళు కూడా ఆయన ఫ్లాస్కులోవే తాగాడట.

డాక్టరమ్మ వరండాలో నిలబడి ఉంది. కుర్చీ వేస్తే కూర్చోలేదు. తాబేలుని నిలబెట్టిన చోట తను కూర్చోనంది. ఆయన కూర్చునే ఉన్నాడని చెప్పినా వినలేదు.

"చూడగానే నాది కాదని ఎలా పోల్చారమ్మా?"

"మూత మీద పిట్ట బొమ్మ అచ్చు నాదే. వెండి నల్లబడ్డ తీరు కూడా నాదే. పిట్ట రెక్క దగ్గర చిన్న సొట్ట ఉంది చూశారా? నా గడియారానికి ఆ సొట్ట ఉండేది. అయిదు నెలల కిందట మా ఊళ్ళో తీయించేశాను. తీయించిన సొట్ట మళ్ళీ ఎలా మొలుస్తుందండీ?"

"తీయించినట్టు ఎవరికి తెలుసు?"

"నాకు, తీసినవాడికి. ఊరంతా చెప్పుకునేంత ఘనకార్యమా అది?"

ఆ ముక్క మనసులో ఒక పక్కన పెట్టుకున్నాను.

లాకరు గదికి ఒకటే తలుపు, ఒకటే తాళం చెవి. ఆ చెవి తన మొలకు కట్టుకుని తిరుగుతాడు సెక్రటరీ. నిన్న పన్నెండూ పదికి డబ్బా మూత తీసి, గడియారం ఉందని చూసి, మూసి లాకర్లో పెట్టాడట. అప్పుడు పక్కన ఉన్నది ఒక్కరే, ప్రదర్శన కోసం నెల జీతం మీద పెట్టుకున్న వాచీ మాస్టారు. అతనూ దూరం నుంచి చూసి సరేనన్నాడట.

"నాలుగింటి దాకా లాకరు ఎవరూ తెరవలేదు కదా?"

"నేనున్నంత వరకు నిబంధన అంటే నిబంధనే సార్!" అన్నాడు సెక్రటరీ. అన్నాక మొల మీద తాళం చెవిని ఒకసారి తడుముకున్నాడు. అడగని చోట చెయ్యి వెళ్ళిందంటే అక్కడ ఏదో ఉంది.

పదకొండూ నలభై. వరండా చివర వాచీ మాస్టారి గది. ఒక బల్ల, ఒక దీపం, గోడ మీద వరసగా కొక్కేలు. ఒక్కో కొక్కేనికి ఒక్కో గడియారం, ఒక్కో చీటీ. లెక్కపెట్టాను. పంతొమ్మిది. నిన్న నాలుగింటి నుంచి గేటు దగ్గర ప్రతి మనిషినీ తడిమి పంపుతున్నారు. ఈ గదిని మూడు సార్లు వెతికారు. వాళ్ళు వెతికింది పిట్ట బొమ్మ ఉన్న వెండి గడియారం కోసం. దొరకలేదు.

మాస్టారు యాభై ఏళ్ళ మనిషి. నుదుటి మీద భూతద్దం. గోళ్ళు ఆపరేషను చేసే డాక్టరు గోళ్ళలా ఉన్నాయి. పనివాడు. చూడగానే తెలిసింది.

"ఒక్కటీ ఆగి లేదే!" అన్నాను గోడ చూస్తూ.

"ఆగిన గడియారం నా గోడ మీద ఉండదు సార్. నా బల్ల దాటి బయటికీ పోదు. శవాన్ని ఇంట్లో పెట్టుకుంటామా?"

నా చొక్కా జేబులో మా ఆవిడ చేతి గడియారం ఉంటుంది. రోజూ పొద్దున దానికి కీ ఇవ్వడం ఆవిడ పని. ఆవిడ పోయి ఆరేళ్ళయింది. ఆ పని నేను తీసుకోలేదు. ఆగినది ఆగినట్టే ఉంది. దాన్ని తీసి అతని చేతిలో పెట్టాను.

"ఇది ఏపాటి సరుకో చెప్పండి."

అతను తిప్పి చూశాడు. "ఆడవాళ్ళది. యంత్రం మంచిది. సున్నితంగా వాడిన చెయ్యి సార్, గాజు మీద గీత లేదు." మాట్లాడుతున్నంత సేపూ అతని బొటనవేలు, చూపుడువేలు వాటి పని అవి చేసుకుంటున్నాయి. "అమ్మగారిదా?"

"మా ఆవిడది."

"జాగ్రత్తపరురాలు" అని తిరిగి ఇచ్చాడు.

జేబులో వేసుకున్నాను. అతను పొగిడింది నిజమే. అయినా ఆ మాట అతని నోటి నుంచి వినాల్సిన అవసరం నాకు లేదు.

"మాస్టారూ, ఒక సాయం కావాలి. ఆ నకిలీని మీరొకసారి చూసి నాలుగు ముక్కలు చెప్పాలి. ఇక్కడ ఆ విద్య తెలిసినవాళ్ళు మీరొక్కరే."

భుజాలు ఒక అంగుళం పైకి లేచాయి. "పదండి" అన్నాడు.

పదకొండూ యాభై అయిదు. ఆఫీసు గదిలో అందరం ఉన్నాం. కవరు విప్పనివ్వనని ఇన్సూరెన్స్ వాడు గొడవ పెట్టాడు. "విప్పక్కర్లేదు" అన్నాడు మాస్టారు. కవరు చెవి దగ్గర పెట్టుకున్నాడు. అయిదు క్షణాలు.

"ఎలా ఉంది? అసలుదానికి తీసిపోదనుకుంటా" అన్నాను.

"అసలుదానికా!" పెదవి విరిచాడు. "పై మూత పని గొప్పది సార్. అది చేసినవాడు మహా పనివాడు. లోపల పెట్టింది మాత్రం చవకబారు యంత్రం. స్ప్రింగు పొట్టిది. నిండా కీ ఇస్తే ఇరవై నాలుగు గంటలు, అంతే."

"ఇరవై అయిదు?"

"ఇలాంటివి వందలు బాగుచేశాను. ఇరవై నాలుగు దాటి పావుగంట నడిస్తే నా పనిముట్లన్నీ మురిక్కాలవలో పారేస్తాను."

"సరే. అందరూ కూర్చోండి" అన్నాను.

"ఎందుకు?" అన్నాడు ఇన్సూరెన్స్ వాడు.

"కూర్చోమన్నాను."

ఎదురుగా గోడ గడియారం. పన్నెండు. పన్నెండూ అయిదు. సెక్రటరీ కాలు ఊపుతున్నాడు. డాక్టరమ్మ గుమ్మానికి ఆనుకుని నిలబడింది. కవరులో టిక్కు టిక్కు.

"గురువుగారూ, మీకు వయసు మీద పడింది. రిటైరయ్యాక ఇలా జనాన్ని కూర్చోబెట్టి గడియారాలు చూపించడం..."

"ఇంకో పావుగంట ఓపిక పట్టు. నా దగ్గర రెండేళ్ళున్నావు. ఓపిక ఒక్కటీ పట్టుకుపోలేదు."

పన్నెండూ పది. తాబేలు తల ఎత్తాడు. ముందు అర్థమైంది ఆయనకే. వీపు ఇంకా నిటారు చేసుకున్నాడు.

పన్నెండూ పదిహేను. టిక్కు టిక్కు.

పన్నెండూ ఇరవై. మాస్టారి కళ్ళు కవరు మీద నుంచి గోడ గడియారానికి, గోడ గడియారం నుంచి కవరుకి వెళ్ళాయి. అక్కడే ఆగిపోయాయి. మొహంలో నెత్తురు లేదు.

పన్నెండూ ఇరవై అయిదు. పావుగంట దాటింది.

"ఏమోయ్," అన్నాను నా పాత శిష్యుడితో. "పెద్దాయన దీన్ని దారిలోనే మార్చి పెట్టాడన్నావు. పెట్టేముందు కీ ఇచ్చి ఉండాలి. అది ఎంత ఆలస్యంగా ఇచ్చినా నిన్న పన్నెండూ పదికి ముందే. తర్వాత డబ్బా లాకర్లో ఉంది, ఆయన బెంచీ మీద ఉన్నాడు. ఇరవై నాలుగు గంటలు పన్నెండూ పదికి అయిపోయాయి. ఇది చచ్చి ఉండాలి. చెవి పెట్టి చూడు."

వాడు వంగాడు. చాలాసేపు వంగే ఉన్నాడు.

"నాలుగూ అయిదు తర్వాత ఎవరైనా కీ ఇచ్చారేమో!" అన్నాను.

"అది... అది కుదరదు."

"ఎందుకు కుదరదు?"

వాడి చూపు లక్క ముద్ర మీదికి వెళ్ళింది.

"దేవుడు దిగొచ్చినా తిప్పలేడు. ఆ ముద్ర నీది. అంటే పన్నెండూ పదికీ నాలుగింటికీ మధ్య, లాకరు గదిలో, ఎవరో కీ ఇచ్చారు. పెద్దాయన తెచ్చింది అసలుదే. ముప్ఫై నాలుగేళ్ళూ ముప్ఫై నాలుగేళ్ళుగానే ఉన్నాయి."

తాబేలు కళ్ళు మూసుకుని తెరిచాడు. అంతే. కన్నీళ్ళు, దణ్ణాలు ఏమీ లేవు. నిజాయితీపరుడికి అవి అక్కర్లేదు.

"తాళం చెవి సెక్రటరీ దగ్గరే కదా ఉంది?" అని ఇన్సూరెన్స్ వాడు ఇంకో దొంగ మీదికి దూకాడు.

సెక్రటరీ లేచి నిలబడ్డాడు. "నాకు గడియారానికి కీ ఇవ్వడమే రాదు సార్! నాది సెల్లు గడియారం! ఒంటిగంటన్నరకి... చెమ్మ పీల్చే పొట్లాలు పెట్టాలని మాస్టారు అడిగితే... పది నిమిషాలు తాళం చెవి ఇచ్చాను... నా నిబంధన నేనే తప్పానని ఎలా చెప్పుకోను?"

గది మాస్టారి వైపు తిరిగింది. అతను తేలు కుట్టిన దొంగలా ఉన్నాడు. అరవలేడు, ఊరుకోలేడు.

"పొట్లాలే పెట్టాను" అన్నాడు. "కీ నేనెందుకు ఇస్తాను? మార్చేవాడు మార్చి పోతాడు. కీ ఇవ్వాల్సిన పనేముంది?"

"పనేమీ లేదు" అన్నాను. "నాకూ మొదట అదే అర్థం కాలేదు." జేబులోంచి మా ఆవిడ గడియారం తీసి బల్ల మీద పెట్టాను. "ఇది ఆరేళ్ళుగా ఆగి ఉంది. పదకొండూ నలభైకి మీ చేతికిచ్చాను. కీ ఇమ్మని అడగలేదు. మీరు మాట్లాడుతూనే ఉన్నారు. మీకు తెలియకుండానే మీ వేళ్ళు కీ ఇచ్చాయి. వినండి."

సన్నని చప్పుడు. చీమ నడిచినట్టు.

ఆ చప్పుడు ఆరేళ్ళ తర్వాత వినడం. దాని గురించి ఇక్కడ రాయను.

మాస్టారు దాని వైపు చాలాసేపు చూశాడు. తర్వాత అన్నాడు: "ఆగిపోయిన గడియారాన్ని పెట్టెలో పెట్టి మూత వెయ్యడానికి చెయ్యి రాలేదు సార్."

"అసలుది ఎక్కడ?"

తల ఎత్తాడు. అంతలోనే పొగరు తిరిగొచ్చింది. "వెతుక్కోండి. మూడు సార్లు వెతికారుగా. నాలుగోసారి వెతకండి. అది లేకుండా నన్నేం చేస్తారు?"

పన్నెండూ ముప్ఫై అయిదు. మళ్ళీ అతని గదిలో ఉన్నాం. ఇన్సూరెన్స్ వాడు సొరుగులు లాగి నేల మీద బోర్లించాడు. మైనం డబ్బాలో చెయ్యి పెట్టి తిప్పాడు. పిట్ట బొమ్మ వెండి మూత దొరికింది. ఖాళీ మూత. లోపల యంత్రం లేదు.

"యంత్రం తీసి దేంట్లోనో దూర్చాడు" అన్నాను. గోడ మీద పంతొమ్మిది గడియారాలు. వాటిలో పదకొండు మూతలున్నవి, అన్నీ మూసి ఉన్నాయి. పంతొమ్మిదీ నడుస్తున్నాయి. నేను చెవి పెట్టాను. నాకు అంతా ఒకటే గోల. నా చెవి అంత మంచిది కాదు. ఆ సంగతి ఒప్పుకోవడానికి నాకు సిగ్గు లేదు.

"అన్నీ విప్పేద్దాం" అన్నాడు ఇన్సూరెన్స్ వాడు స్క్రూడ్రైవరు అందుకుని.

"దాని మీద చెయ్యి వేశావంటే ఊరుకోను!" డాక్టరమ్మ గొంతు ఖంగుమంది. "పళ్ళు పీకేదాన్ని నేను. నాకే అంత తొందర లేదు."

నేను వెనక్కి తిరిగాను. "పెద్దాయనా, ఒకసారి రండి."

తాబేలు గుమ్మంలో చెప్పులు విడిచి లోపలికి వచ్చాడు. ఎవరి వైపూ చూడలేదు. గోడ దగ్గర నిలబడి కళ్ళు మూసుకున్నాడు. ఒక్కో కొక్కెం దగ్గర ఆగి, తల వంచి, ముందుకు జరిగాడు. పేరు తాబేలని ఊరికే పెట్టలేదు. ఒకటి. నాలుగు. ఏడు. ఇన్సూరెన్స్ వాడు నిట్టూర్చబోయాడు. నేను చూశాను. ఊరుకున్నాడు.

పన్నెండో కొక్కెం దగ్గర ఆయన ఆగాడు. రెండడుగులు వెనక్కి వచ్చాడు. పదకొండోది. చెవి దానికి ఆనించాడు.

"ఇదిగో, నా కుంటిది" అన్నాడు. "బాగున్నావా?"

అది నాసిరకం ఉక్కు మూత. డాక్టరమ్మే స్వయంగా విప్పింది. పళ్ళు పీకిన చెయ్యి కదా, చిన్న గీత కూడా పడలేదు. లోపల పళ్ళచక్రం పక్కన చెక్కిన అంకె చూసి, రెండుసార్లు చదివి, గడియారాన్ని గుప్పిట్లో మూసుకుంది. "నాదే" అంది.

"ఆపి ఉంచి ఉంటే దొరికేవాడివి కాదు" అన్నాను మాస్టారితో. "ఆగిన గడియారం కుంటదు."

"ఆపలేను సార్" అన్నాడు. అందులో పశ్చాత్తాపం లేదు. గర్వమే ఉంది. ఆ గర్వం నాకు తెలుసు. నాకూ ఉంది. అందుకే అతని మీద జాలి పడలేదు.

తాబేలు ఇన్సూరెన్స్ వాడి ముందుకు వెళ్ళి నిలబడ్డాడు. "అయ్యా, నా సంచి మీరు కోశారు. కుట్టించి ఇవ్వండి."

"కొత్తది కొనిస్తాను పెద్దాయనా..."

"కొత్తది నాకెందుకు? కొత్త సంచి పట్టుకుంటే నలుగురూ చూస్తారు. నాదే కుట్టించండి. మీరు కోసిన చోటే."

పదకొండో కొక్కేనికి వేలాడుతున్న చీటీ చేతిలోకి తీసుకున్నాను. రిపేరుకిచ్చినవాళ్ళకి సగం చింపి ఇస్తారు, సగం గడియారానికి కడతారు. నంబరు నలభై ఒకటి. పక్కన: ఈరోజు, ఒంటిగంట. టైము చూశాను. పన్నెండూ యాభై.

"రెండో సగం ఎవరి దగ్గరుంది?" అన్నాను.

మాస్టారు గోడ చూశాడు.

"సరే, చెప్పొద్దు. ఈ నకిలీ మూత చెయ్యడానికి నీకొక ఫొటో ఇచ్చారు. పిట్ట, రెక్క, సొట్ట అన్నీ అందులో చూసి చేశావు. సొట్ట అయిదు నెలల కిందటే పోయిందని నీకూ తెలియదు, ఫొటో ఇచ్చినవాడికీ తెలియదు. అమ్మా, సొట్ట ఉన్నప్పటి ఫొటోలు ఎవరి దగ్గరున్నాయి?"

డాక్టరమ్మ ఆలోచించలేదు. "నేను తీయించలేదండీ. ఏడాది కిందట ఇన్సూరెన్స్ వాళ్ళు వచ్చి తీసుకున్నారు. వాళ్ళ ఫైల్లోనే ఉన్నాయి."

నా పాత శిష్యుడి మొహం పాలిపోయింది. "ఆ ఫైలు... నా దగ్గర లేదు గురువుగారూ. ఒట్టు. అది మా పైవాళ్ళ బీరువాలో ఉంటుంది. నిన్న అయిదింటికి ఫోను చేసి చెప్పాను. మోసుకొచ్చినవాడి మీద రాసెయ్యమన్నారు. కాగితాలు తనే తెస్తానని..."

వరండాలో అడుగులు. గేటు కాపలాదారు గుమ్మంలోంచి తల పెట్టాడు.

"మాస్టారూ, మీకోసం ఎవరో వచ్చారు. రిపేరు చీటీ ఉంది, నలభై ఒకటి. కారు దిగి వచ్చారు. ఆఫీసు గది దగ్గర నిలబెట్టాను." ఇన్సూరెన్స్ వాడి వైపు తిరిగాడు. "మీరూ ఇక్కడే ఉన్నారని చెబితే కంగారు పడ్డారు సార్. మీకు తెలిసినాయనే అనుకుంటా."

వాడు తలుపు సందులోంచి వరండా చివరికి చూశాడు. వెనక్కి వచ్చి గోడకు ఆనుకున్నాడు.

"మా మేనేజరు" అన్నాడు. నా దగ్గర చేరిన మొదటి రోజు ఎలా నిలబడ్డాడో అలాగే నిలబడ్డాడు. "గురువుగారూ, ఇప్పుడేం చెయ్యమంటారు?"

మా ఆవిడ గడియారం జేబులో వేసుకున్నాను. నడుస్తూనే ఉంది.

"గేటు మూయించు" అన్నాను. "తర్వాత సూదీ దారం తెప్పించు. ఆయన సంచి కుట్టడం మీ మేనేజరు కూర్చుని చూడాలి."